సున్నా పెట్టి చూడని లెక్క

కోళ్ల షెడ్డు తలుపుకు లోపలి వైపు ఒక అట్ట వేలాడుతుంది. దాన్ని షెడ్డు కార్డు అంటాం. బ్యాచ్‌కు ఒక కార్డు. కోడిపిల్లలు దిగిన రోజు నుంచి పెరిగిన కోళ్లు లారీ ఎక్కే రోజు దాకా రోజుకొక వరుస రాయాలి: ఎన్ని చచ్చాయి, ఎన్ని మిగిలాయి, ఎంత దాణా తిన్నాయి, ఎన్ని లీటర్ల నీళ్లు తాగాయి, సగటు బరువెంత, ఏ మందు పోశాం. గద్వాల నుంచి గట్టు ఊరికి పోయే దారిలో మా షెడ్డు. అయిదు వేల కోళ్లు పట్టేది. అక్కడ నలభై ఆరు కార్డులు నా చేత్తోనే నింపాను. చచ్చిన కోడిని దాచి తక్కువ రాసింది లేదు, తాగని నీళ్లను తాగినట్టు రాసిందీ లేదు.

నేను చదివింది ఏడో తరగతి. లెక్క నేర్పింది మగ్గం. చీరలు నేసే ఇంట్లో పుట్టినవాడికి మాటలతో పాటే పడుగు పోగులు లెక్కపెట్టడం వస్తుంది. ఒక్క పోగు తప్పితే అంచు దగ్గర పువ్వు వంకర పోతుంది, ఆ వంకర చీర చిరిగేదాకా ఉంటుంది. శాతాలు, సగటులు, నిష్పత్తులు ఆ తర్వాత పాత పుస్తకాలు పట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. నడుము ఇక మగ్గం గుంటలో కూర్చోనివ్వదని తేలాక, ఉన్న మెట్ట చెలకలో షెడ్డు వేశాం. కోడిపిల్లలు, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, నీళ్లు, ఒళ్లు మావి.

కార్డులో చివరి గడి మందుది. ఆ గడి నిండే తీరు చూస్తే నాకు మొదటి నుంచీ చిన్నచూపే. కంపెనీ సూపర్‌వైజరు వారానికి రెండుసార్లు బండి మీద వస్తాడు. షెడ్డులోకి రాడు. తలుపు దగ్గరే నిలబడి, బూట్లకు రెట్ట అంటకుండా మెడ ఒక్కటి లోపలికి చాచి చూస్తాడు. కోళ్లు గంతులేస్తున్నా సరే, మొదటి రోజు నుంచి అయిదో రోజు దాకా ఒక పౌడరు, పద్దెనిమిదో రోజు నుంచి ఇరవై రెండో రోజు దాకా ఇంకొకటి పోయమంటాడు. రోగం వచ్చినందుకు కాదు, రాకుండా ఉండేందుకు.

మొదటి ఏడాదే అడిగాను. "సార్, ఒక్క కోడన్న తుమ్ముతలేదు. మందు దేనికి?"

"ఏం గాదన్నా, పొయ్యి. తుమ్మినంక పోసేదేంది?"

"లీటరుకు గ్రామే ఎందుకు?"

"పొట్లం మీద గట్లనే ఉంటది."

"పొట్లం మీద ఎందుకు గట్లుంది?"

"అన్నా, నువ్వు మగ్గం ఇడిసి గిటెందుకొచ్చినవో నాకైతే తెల్వదు," అని నవ్వుకుంటూ కార్డు మీద సంతకం గీకి బండెక్కాడు.

"ఏం గాదు" అనే మాట ఆయన నోట ఒక్క బ్యాచ్‌లో ముప్పై ఒక్కసారి విన్నాను. లెక్కపెట్టాను గనుక చెబుతున్నాను. ఏమవుతుందో తెలిసిన మనిషి ఏం కాదు అంటే ఒక అర్థం ఉంది. ఏమైనా అయితే ఏమవుతుందో కూడా ఈయనకు తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. అట్లాంటి మనిషి చెప్పినట్టు పొయ్యడం నాకు నామోషీగా ఉండేది. అందుకే నా లెక్క నేను మొదలుపెట్టాను.

మందు కలిపేది కోళ్లు తాగే నీళ్ల ట్యాంకులో. మా దగ్గర ఎండలు ముదిరితే కోడి మామూలు కంటే రెట్టింపు నీళ్లు తాగుతుంది. లీటరుకు గ్రాము చొప్పున కలిపితే రెట్టింపు మందు తాగినట్టే. మందు కోడి బరువును బట్టి ఉండాలి గాని దాని దాహాన్ని బట్టి ఉంటే అదేం లెక్క? ఇది సూపర్‌వైజరుకు తట్టలేదు, చుట్టుపక్కల షెడ్ల వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఎండాకాలం సగం మందు వేసి చూశాను. చావులు పెరగలేదు. చలికాలం కూడా సగమే వేశాను. అప్పుడూ పెరగలేదు. ఏదో కలిసొచ్చిందన్న మాట రాకూడదని నాలుగు బ్యాచ్‌లు నిండు మందుతో, నాలుగు బ్యాచ్‌లు సగం మందుతో, ఒకటి మార్చి ఒకటి నడిపాను. నిండు మందు పోసినప్పుడు బ్యాచ్‌కు సగటున రెండు వందల ఎనిమిది కోళ్లు చచ్చాయి. సగం మందు పోసినప్పుడు రెండు వందల పదకొండు. తేడా మూడు కోళ్లు. ఒక కుక్క ఒక్కసారి లోపలికి దూరితే పోయేటన్ని. సగం చాలునని తేల్చేశాను.

ఆ ఎనిమిది బ్యాచ్‌ల లెక్క చూసుకుని నేను పొంగినట్టు, పెళ్లి చీర నేసి మగ్గం మీద నుంచి దింపిన రోజు కూడా పొంగలేదు. ఆ రోజు నుంచి నా ట్యాంకులో సగమే. మిగిలిన పొట్లాలు ఇంట్లో రేకు పెట్టెలో పడేవి. కార్డులో మాత్రం సగం పోస్తే సగమనే రాశాను. ఆ గడి కింద ఏళ్ల తరబడి సూపర్‌వైజరు సంతకం ఉంది. ఒక్కసారి కూడా చదవలేదు.

మాట పాకింది. అయిజ నుంచి, వనపర్తి వైపు నుంచి, కొల్లాపూర్ మామిడి తోటల పక్క నుంచి షెడ్ల వాళ్లు "లెక్కల అన్న" అని వెతుక్కుంటూ వచ్చారు. పదకొండు షెడ్ల ట్యాంకుల మీద సుద్దతో గీతలు గీసి, ఈ గీత దాకా నీళ్లుంటే ఇన్ని చెంచాలు అని రాసి ఇచ్చాను. ఎందుకు సగం అని వాళ్లలో ఒక్కరూ అడగలేదు. తక్కువ పోస్తే సరిపోతుందని ఒకడు చెప్పాడు, వాడికి లెక్కలొచ్చు, అంతే. సూపర్‌వైజరు చెప్పాడని నిండుగా పోసినవాళ్లు నేను చెప్పానని సగం పోశారు. లోలోపల వాళ్లను చూసి నవ్వుకునేవాణ్ని. ఏమీ అడగనివాళ్లకు చెప్పడంలో ఉండే సుఖాన్ని మాత్రం అనుభవించాను.

మా షెడ్లలో ఇంకో పద్ధతి ఉంది. కాలు పడిపోయిన కోళ్లను, ఎదగని వాటిని కంపెనీ లెక్కలోకి తీసుకోదు. వాటిని ఏరి ఇంటికి తెచ్చుకుంటాం. మందు నీళ్లు తాగుతున్న రోజుల్లోనే తెస్తాం, ఎందుకంటే అవి కుంటేది ఆ రోజుల్లోనే. కోసేది, కడిగేది ఆడవాళ్లు. రోజూ నీళ్ల డబ్బాలు తోమేదీ వాళ్లే. మా ఇంట్లో ఆ రెండు పనులూ నా భార్యవి. ఆమె చేతులకు తొడుగులు ఉండాలని షెడ్డు వేసిన ఈ తొమ్మిదేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు. మూడు కోళ్ల తేడా పట్టినవాడికి తట్టవలసింది.

పోయిన చలికాలం ఆమెకు మూత్రంలో మంట, జ్వరం వచ్చాయి. ఊళ్లో ఒక డాక్టరు ఉన్నాడు. చదివిన డాక్టరు కాదు, ఎవరి దగ్గరో సంచి మోసి సూది వెయ్యడం నేర్చుకున్న మనిషి. సూపర్‌వైజరుకు, ఈయనకు తేడా ఒక్కటే: ఈయన చెప్పులు విడిచి లోపలికి వస్తాడు. పరీక్ష లేదు, ప్రశ్న లేదు. "జర స్ట్రాంగ్ గోళీ ఇస్తున్న, మూడు దినాలేసుకో," అన్నాడు. రెండు రోజులకు మంట తగ్గింది. ఆమె మూడో రోజువి రెండు గోళీలు చీర చెంగున ముడేసి, "మల్లొస్తే పనికొస్తయి," అంది. మంచి పనే అన్నాను. రేకు పెట్టెలో పొట్లాలు దాచేవాడు ఇంకేం అంటాడు?

ఇరవై రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి గోళీ రంగు మార్చాడు. మొదటిది తెల్లది, రెండోది పసుపు. మూడోసారి సగం ఎరుపు సగం నలుపు. రంగు మారితే మందు మారినట్టేనని ఆయన నమ్మకం. మందు మారితే రోగం భయపడుతుందని ఊరి నమ్మకం. నాలుగోసారి జ్వరం వచ్చినప్పుడు ఆమె వీపు కింద కుడివైపు చెయ్యి పెట్టనివ్వలేదు. మూడు దుప్పట్లు కప్పినా మంచం కోళ్లు నేల మీద టకటకమన్నాయి. ఆయన సంచి తెరవబోతే ఆమే ఆపింది.

"నీ సంచిల రంగులన్నీ అయిపోయినయి గదా. ఇగ ఇంద్రధనస్సు తెస్తవా?" అంది పళ్లు కొట్టుకుంటూనే.

ఆమె తమ్ముడు వనపర్తిలో ఉంటాడు. ఆయన ఆటో తెచ్చి మమ్మల్ని అక్కడి పెద్ద దవాఖానలో చేర్చాడు. అక్కడి డాక్టరమ్మ మొదట చేసిన పని మూత్రం పరీక్షకు పంపడం. అందులోని కంటికి కనపడని రోగం పురుగును గాజు పళ్లెంలో పెంచి, ఒక్కో మందు పెట్టి, దేనికి చస్తుందో, దేనికి చావదో చూస్తారట. రెండు రోజులు పడుతుందంది. నాకు ఆ పద్ధతి నచ్చింది. తొమ్మిదేళ్లలో మందును గురించి ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగిన మనిషిని చూడడం అదే మొదటిసారి.

రెండో రోజు సాయంత్రం కాగితం వచ్చింది. పద్నాలుగు మందుల పేర్లు, ఒక్కోదాని ఎదుట ఒక్క ఇంగ్లీషు అక్షరం. ఎస్ అంటే మందుకు పురుగు లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. నేను కళ్లద్దాలు తుడుచుకుని లెక్కపెట్టాను. ఆర్‌లు పది. ఎస్‌లు నాలుగు.

డాక్టరమ్మ ఆ నాలుగింటి మీద వేలు పెట్టి చెప్పింది. ఒకటి మూత్రం సంచి దాకానే పని చేస్తుంది, ఈమెకు మూత్రపిండం దాకా ఎక్కింది కనుక చాలదు. రెండు ఇంకేదీ పనిచెయ్యనప్పటి కోసం దాచిపెట్టేవి, వాటికి హైదరాబాద్ పోవాలి. మిగిలింది ఒక్కటి, అమికాసిన్. రోజుకొక సూది, పది రోజులు. "మూత్రపిండాలను కూడా కనిపెట్టుకుంట ఇయ్యాలె. నాలుగైదు దినాల్ల జ్వరం దిగితే ఇక్కడనే బాగవుతది. దిగకుంటే పంపిస్త," అంది.

పద్నాలుగు నాలుగయ్యాయి. నాలుగు ఒకటయింది. ఆ ఒక్కటీ నిలబడితే నా భార్య నాతో ఇంటికి వస్తుంది. నిలబడకపోతే ఏమిటన్నది నేను లెక్కవెయ్యలేదు. జీవితంలో వెయ్యకుండా వదిలేసిన లెక్క అదొక్కటేననుకున్నాను.

"ఏం పని చేస్తరు మీరు?" అని డాక్టరమ్మ అడిగింది. కోళ్ల షెడ్డు అన్నాను. "మందులు పోస్తరా?" అంది. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఇచ్చాను. కార్డులో ఉన్నదంతా అందులోనూ ఉంటుంది. ఆమె నిలబడే నాలుగు పేజీలు తిప్పి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్రోఫ్లాక్సాసిన్. ఇది మేం మనుషులకిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌కు సొంత అన్న లెక్క. పేరే వేరు. ఒకదానికి అలవాటు పడ్డ పురుగు రెండోదాన్ని గుర్తుపడ్తది. ఈ అమాక్సిసిలిన్ మాదే. డాక్సీసైక్లిన్ మాదే. ఈ సల్ఫా పౌడరు కూడా మాదే."

"సగమే పోసిన మేడం," అన్నాను. ఆ మాట అంటూ మెప్పు కోసం ఆమె ముఖం చూశాను.

ఆమె కలం కింద పెట్టింది. "రోగం లేని కోళ్లకు నిండుగ పోసుడే తప్పు. మీరు అందులో సగం జేసినరా?"

"చావులు పెరగలే మేడం. ఎనిమిది బ్యాచ్‌లు చూసిన."

"కోళ్ల చావులు చూసినరు. పురుగుల చావులు చూడలే. సగం మందుకు బలం లేనియి చస్తయి, తట్టుకున్నయి మిగుల్తయి. మళ్ల పుట్టేది ఆ మిగిలినయాటికే. ఇన్ని బ్యాచ్‌ల సంది మీరు ఏరి ఏరి పెంచింది కోళ్లను గాదు."

చలికాలం కోడి సగం నీళ్లే తాగుతుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సగంలో సగం, పావు. మందు బరువును బట్టి ఉండాలని సూపర్‌వైజరును వెక్కిరించినవాణ్ని, చలికాలం వచ్చేసరికి నా మాట నేనే మరిచి పావు మందు పోశాను. పదమూడు చలికాలపు బ్యాచ్‌లు.

"అయితే ఈమెకొచ్చింది మా షెడ్డుదేనంటరా?" అని అడిగాను.

"అనలేను. షెడ్డుల పురుగును, ఈమె పురుగును పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఎవరూ అనలేరు. ఊళ్లె గోళీలు కూడా మింగింది గదా."

తెలియనిది తెలియదని చెప్పే మనిషి. నా సగం మందు గురించి నేనూ అంత నిక్కచ్చిగా ఉండి ఉంటే బాగుండేది.

మంచం మీద నుంచి నా భార్య అంది: "ఇగ లెక్కగట్టు. ఆ పదిల నీవెన్ని, సంచి డాక్టరువెన్ని?"

అప్పటికే కట్టాను. పది ఆర్‌లలో ఆరు నా పుస్తకంలో ఉన్న మందుల కుటుంబాలవి. నాలుగు నేను ఎన్నడూ పొయ్యనివి.

"ఆరు నావి," అన్నాను.

"పదికి ఆరు. నయమే, పాసైనవు," అని అటు తిరిగి పడుకుంది.

సూది మొదలైంది. మొదటి రోజు జ్వరం నూటమూడు. రెండో రోజు నూటమూడు. మూడో రోజు పొద్దున నూటరెండున్నర, మధ్యాహ్నం మళ్లీ నూటమూడు. ఆ మధ్యాహ్నం వరండాలో బల్ల మీద కూర్చుని, చేతికి వేరే పని లేక, నా ఎనిమిది బ్యాచ్‌ల లెక్క మళ్లీ తీశాను. రెండు వందల ఎనిమిది, రెండు వందల పదకొండు. నిండు మందుకు, సగం మందుకు తేడా లేదు. దాని నుంచి సగం చాలునని తేల్చాను. కాని ఆ రెండంకెలు ఇంకో మాట కూడా చెప్పగలవు: మందు అసలు అక్కర్లేదని. ఏది నిజమో తెలియాలంటే మూడో వరుస ఒకటి ఉండాలి, మందు గడిలో సున్నా పెట్టి. నేను సున్నా పెట్టి చూడలేదు. ఏ లెక్కలోనైనా మొదట పెట్టి చూడవలసింది సున్నానే. నాకు పుస్తకాలు నేర్పిన మొదటి సంగతి అది. ఎందుకు పెట్టలేదో కూడా తెలుసు. సున్నా వస్తే నా కనిపెట్టడం ఉండదు. సుద్దతో గీయడానికి గీత ఉండదు. "అసలు పొయ్యొద్దు" అని చెప్పేవాడి దగ్గరికి అయిజ నుంచి ఎవరు వస్తారు?

సూపర్‌వైజరు అడగడు, సంచి డాక్టరు అడగడు, షెడ్ల వాళ్లు అడగరు అని తొమ్మిదేళ్లు వాళ్లందరినీ చులకనగా చూశాను. నేను అడిగాను. అడిగి, నాకు నచ్చిన జవాబు దగ్గర ఆగాను. చులకనకు వాళ్లకన్నా నేనే తగినవాణ్ని.

నాలుగో రోజు జ్వరం నూటొకటి. అయిదో రోజు పొద్దున తొంభై తొమ్మిదిన్నర. ఆమె లేచి కూర్చుని, రొట్టె కావాలంది. సర్వపిండి దొరుకుతుందేమో చూడమని తమ్ముణ్ని పంపింది. పది సూదులూ అయ్యాక ఇంటికి వచ్చాం. వచ్చేముందు డాక్టరమ్మతో ఆ పద్నాలుగు మందుల కుటుంబాలు కాగితం వెనక తెలుగులో రాయించుకున్నాను, పక్కన వాటికి కోళ్ల పొట్లాల మీద ఉండే పేర్లతో సహా. "పురుగు పేగుల్ల నెలల కొద్ది ఉండొచ్చు. జ్వరం మల్లొస్తే గోళీ వద్దు, సీదా రండి," అంది.

వారానికి కొత్త బ్యాచ్ దిగింది. సూపర్‌వైజరు కొత్త పొట్లాలతో వచ్చాడు. నా భార్య అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"వదినా, పానం మంచిగైందా?"

"అయింది. నీ చేతులున్నది ఏంది?"

"కొత్తది వదినా. జబర్దస్త్ ఉంటది. పాతది పనిచేస్తలేదని కంపెనోళ్లు మార్చిన్రు."

"ఎందుకు పనిచేస్తలేదంట?"

"నాకేం తెల్సు? గట్లనే అయితది కొన్ని దినాలకు."

ఆమె చెయ్యి తుడుచుకుని పొట్లం తీసుకుంది. వెనకవైపు సన్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది: నియోమైసిన్, డాక్సీసైక్లిన్. నాతో కాగితం తెప్పించి, వెనక్కి తిప్పి, వేలితో వరుసలు వెతికింది. నియోమైసిన్ ఉన్నది అమికాసిన్ వరుసలో.

"ఇది నాకిచ్చిన సూదికి తమ్ముడు," అంది. "నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని గూడ మా ట్యాంకుల కలపనీకి తెచ్చినవు."

"కోడికి, నీకు ఏం సంబంధం వదినా?"

"డబ్బాలు తోమింది నేను. నా చేతులనడుగు."

ఆయన నా వైపు తిరిగాడు. "అన్నా, పొయ్యకుంటే కార్డు మీద నేను సంతకం చెయ్య. ముందట బ్యాచ్ దింపరు, నాకు తెల్వదు మల్ల." గొంతు తగ్గించాడు. "గింత పరేషానెందుకు? పోసినట్టు రాయి. పొయ్యకు. ఎవరు చూస్తరు?"

ఆ మనిషితో నాకు ఇన్నేళ్ల పరిచయంలో ఆయన చేసిన ఒకే ఒక్క ఆలోచన అది.

"సున్నా రాస్త," అన్నాను. "ఇష్టముంటే సంతకం చెయ్యి, లేకుంటే లేదు."

పొట్లాలు బండి సంచిలో వేసుకుని పోయాడు. ఆ బ్యాచ్‌కు మందు గడిలో నలభై సున్నాలు పెట్టాను. నేల మీద పరిచిన వరి పొట్టు తడవకుండా రోజుకు రెండుసార్లు తిరగేశాను. గడప దగ్గర సున్నం పోశాను. డబ్బాలు తొడుగులు వేసుకుని నేనే తోమాను. నా భార్యను షెడ్డులోకి రానివ్వలేదు. కాలు పడ్డ కోడి ఒక్కటీ ఇంటి గడప ఎక్కలేదు, గుంట తీసి సున్నంతో పూడ్చాను. బ్యాచ్ అయ్యేసరికి చచ్చినవి రెండు వందల ఇరవై ఆరు.

నిండు మందుకన్నా పద్దెనిమిది ఎక్కువ. బిడ్డను ఉయ్యాలలో వేసే ఒక తొట్టెల పండుగకు కోసేన్ని. ఆ పద్దెనిమిది కోళ్ల కోసం, అవి కూడా మందు వల్లే బతుకుతాయని ఏ లెక్కా చెప్పకుండానే, ఇన్నేళ్లు అన్ని ట్యాంకుల్లో అన్ని కిలోలు కలిపాం. ఒక్క బ్యాచ్‌తో ఏదీ తేలదని నాకు తెలుసు. పద్దెనిమిది అన్నది ఆ బ్యాచ్ అదృష్టమో దురదృష్టమో కూడా కావచ్చు. సగం లెక్కకు ఎనిమిది బ్యాచ్‌లు పెట్టినవాణ్ని, సున్నాకు అంతకు తక్కువ పెట్టను.

తర్వాత బస్సులెక్కి పదకొండు షెడ్లకూ పోయాను. నేను గీసిన గీతలు నేనే తుడవాలని తడిగుడ్డ సంచిలో పెట్టుకున్నాను. కొల్లాపూర్ వైపు ఇద్దరు, వనపర్తి వైపు ఒకరు తుడవనిచ్చారు. మిగతా ఎనిమిది మంది కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, విని, గీత మాత్రం ఉండనిమ్మన్నారు. "వదినకు పానం బాగలేక అన్న దిమాక్ జర ఇటు అటైంది," అని ఒకాయన నేను గేటు దాటకముందే అన్నాడు. తప్పు లెక్క చెప్పినప్పుడు పదకొండుకు పదకొండు మంది నమ్మారు. సరిచేస్తే ముగ్గురు.

రేకు పెట్టెలో పొట్లాలు అరవై నాలుగు ఉన్నాయి. సూపర్‌వైజరు వెనక్కి తీసుకోనన్నాడు. మందుల దుకాణం వాళ్లు తమవి కావన్నారు. వాగులో పొయ్యొద్దని, పొలంలో పూడ్చొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడ పొయ్యాలో ఆమెకూ ఖచ్చితంగా తెలియదు, కనుక్కుని చెబుతానంది. కావాలన్నవాళ్లు మాత్రం ఉన్నారు. అయిజ నుంచి ఒక షెడ్డాయన ఫోను చేసి కాదు, సంచి పట్టుకునే వచ్చాడు.

"నీకు అక్కర్లేదంటివి గద అన్నా. ఊకె పడుంటే ఖరాబైతయి."

నా భార్య ఆ రేకు పెట్టె మీదే కూర్చుని ఉంది. "లేవనీకి నడుము వస్తలేదు, మల్ల రా," అంది. ఆయన సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయాడు. ఆమె నడుముకు ఏమీ కాలేదు.

నలభై రోజులు షెడ్డు ఖాళీగా ఉంది. ఇక దింపరనే అనుకున్నాను. తర్వాత చుట్టుపక్కల రెండు షెడ్ల వాళ్లు కోళ్లు పెంచడం మానుకోవడంతో చోటు చాలక మాకే కోడిపిల్లలను పంపారు. ఇది రెండో సున్నా బ్యాచ్. ఇవాళ్టికి ఇరవై ఆరో రోజు, చావులు నూటముప్పై నాలుగు.

ఈ కార్డులో నేను స్కేలు పెట్టి ఇంకో గీత గీశాను. మందు గడి పక్కన కొత్త గడి. అందులో రాసేది కోళ్లది కాదు. పొద్దున్నే నా భార్య జ్వరం చూసుకుని, అరుగు మీద నుంచి అంకె అరుస్తుంది. షెడ్డు తలుపు దగ్గర నిలబడి నేను రాసుకుంటాను. మూత్రం పరీక్ష రెండుసార్లు శుభ్రంగా వచ్చింది, మూడోది వచ్చే నెల. అప్పటి దాకా ఈ గడి నిండుతుంది. నూరు దాటిన రోజు వనపర్తి బస్సు. ఇంతవరకు దాటలేదు.

మొన్న సూపర్‌వైజరు వచ్చాడు. సంతకం చెయ్యనన్న మనిషి, అలవాటు కొద్దీ కలం తీశాడు. తలుపు దగ్గరే నిలబడి, మెడ చాచి కోళ్లను చూసి, కార్డు మీద చెయ్యి పెట్టాడు. మందు: సున్నా. దాని పక్కన: తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. చదవలేదు. కింద సంతకం చేసి, "ఏం గాదన్నా, మంచిగున్నయి," అని బండెక్కాడు.